అలలూరుకు పదకొండు రోజులు

మే 3, ఆదివారం

బరువు 8.6 కిలోలు. క్లిప్పు: ఉదయం 82, మధ్యాహ్నం 81, సాయంత్రం 83.

హైమావతి సిస్టర్ గారికి నమస్కారం. మీరు చెప్పినట్టు ఈ రోజు నుంచి ప్రయాణ లాగ్ రాస్తున్నాను. దీన్ని మీతోపాటు జబ్బు పిల్లల ప్రయాణాలకు అనుమతి ఇచ్చే బోర్డు వాళ్ళు కూడా చదువుతారన్నారు కాబట్టి మీకు తెలిసిన సంగతులు కూడా మొదటినుంచీ రాస్తాను. రాత బాగోకపోతే ఏమీ అనుకోకండి. కొండ నుంచి కొండకు తీగ మీద వేలాడుతూ పోయే తీగబండ్ల తనిఖీవాణ్ణి నేను. స్తంభం ఎక్కడం, కప్పీలకు గ్రీజు పెట్టడం, కిందికి దిగి 'పెట్టాను' అని సంతకం చెయ్యడం. ఇన్నేళ్ళూ నేను రాసిన రాత అదే.

నా పేరు కృపాకర్. భార్య సువార్త. పెద్దమ్మాయి ఎస్తేరుకు ఎనిమిదేళ్ళు. చిన్నది కెజియాకు రెండేళ్ళ రెండు నెలలు. ఇంట్లో కేజీ అంటాం. ఆ పేరు పెట్టిన పాపానికి డాక్టర్ రఫీ గారు చూసినప్పుడల్లా "మా కేజీ పది కేజీలు ఎప్పుడవుతుందయ్యా?" అని అడుగుతారు. పుట్టుకతోనే దాని గుండెలో చిల్లు ఉంది. ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకు. పది కిలోలు వస్తే ఆపరేషన్ చేస్తారు. అప్పటిదాకా గట్టిగా ఏడవనివ్వకూడదు. ఏడిస్తే ఆ దారి ఇంకా బిగుసుకుని పెదాలు నేరేడుపండు రంగుకు తిరుగుతాయి. అప్పుడు మోకాళ్ళు మడిచి రొమ్ముకు ఆనించి అదిమి పట్టుకోవాలి. చివరిసారి అలా వచ్చింది నవంబరులో.

రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఈ క్లిప్పు మామూలు పిల్లలకు 98 చూపిస్తుందట. దానికి 82 వస్తే మా ఇంట్లో ఆ రోజు పండగ.

అలలూరు ఎందుకని బోర్డు వాళ్ళు అడుగుతారన్నారు. మూడేళ్ళుగా, వడగాడ్పులకిచ్చే వడ సెలవులు వచ్చినప్పుడల్లా ఎస్తేరుకు మాట ఇస్తూ వస్తున్నాం. ఒక ఏడాది సువార్త కడుపుతో ఉంది. మరుసటి ఏడాది కేజీ పుట్టింది, ఆసుపత్రిలోనే సెలవులు అయిపోయాయి. పోయినేడు దానికి జ్వరం. ఎస్తేరు క్లాసులో అలలూరు చూడనిది ఇది ఒక్కతే. కొండ మీద ఇసుక పోసి, యంత్రాలతో అలలు పుట్టించి, సముద్రంలా కట్టిన పార్కు అది. కింద అసలు సముద్రం దగ్గరకు మనల్ని వెళ్ళనివ్వరు కదా. పిల్లలకు అలలంటే ఇక అక్కడే.

ఆపరేషన్ అయ్యాక వెళ్దామన్నాను. "అయ్యాక అన్నది మన చేతుల్లో ఉందా? నలుగురం కలిసి ఒక్క రోజు. ముందే," అంది సువార్త. సరే అన్నాను.

మే 5, మంగళవారం

బరువు 8.6. క్లిప్పు: 82, 80, 82.

నియమాల కాగితం అందింది. పది రోజుల్లో క్లిప్పు 80 కిందికి రెండుసార్లు దిగితే అనుమతి రద్దు. ఒక్కసారి నీలం తిరిగినా రద్దు. సువార్త దాన్ని బియ్యం డబ్బా మూతకు అంటించింది.

ఈ రోజు సంచి సర్దడం. చిన్న ఆక్సిజన్ సిలిండర్లు రెండు, ఒక్కోటి యాభై నిమిషాలు వస్తుంది. ముక్కులో కొట్టే మందు రెండు సీసాలు, ఐసు పెట్టిన సంచీలో. జావ, చెంచాలు, గుడ్డలు, గొడుగు. సర్దడం, తియ్యడం, కళ్ళు మూసుకుని సిలిండరు ఎక్కడుందో తడిమి చూడడం, మందు సీసా మూత తియ్యడం. సువార్త ఇలా నాలుగుసార్లు చేసింది. నాచేత రెండుసార్లు చేయించింది.

దారి: మా కొండ నుంచి నడిమి స్టేషనుకు ఇరవై రెండు నిమిషాలు, అక్కడి నుంచి అలలూరుకు పదహారు. పొద్దున ఆరున్నర బండికి వెళ్ళి, ఎండలో ఇక తిరగొద్దని పదకొండింటికి మోగే వడ సైరన్ లోపు తిరిగి వస్తాం. నలుగురికే ఒక బండి ఇస్తామని మా ఆఫీసు ఒప్పుకుంది. ఆ లైను నేను తనిఖీ చేసేదే.

క్లిప్పు డ్యూటీ తనకిమ్మని ఎస్తేరు అడిగింది. కాలి బొటనవేలికి పెట్టి, అంకె నిలబడ్డాక మీట నొక్కితే మీకు చేరిపోతుంది కదా. "నాకొచ్చు నాన్నా, ఎన్నిసార్లు చూశానో," అంది. ఇచ్చాం. పొద్దున సువార్త నీళ్ళ వరసలో నిలబడే గంటసేపు కేజీ దగ్గర ఉండేది ఎలాగూ ఎస్తేరే. వరస మా మెట్ల కిందే. కేకేస్తే వినిపిస్తుంది.

మే 7, గురువారం

బరువు చూడలేదు. రేషన్ డిపోలో కాటా పాడైంది. క్లిప్పు: 81, 80, 79.

79 చూడగానే మీరు ఫోన్ చేశారు. "ఇది మొదటిసారి కాబట్టి రాసుకుంటాను. ఇంకోసారి దిగితే నా చేతుల్లో ఏమీ ఉండదు కృపాకర్ గారూ," అన్నారు. అర్థమైందన్నాను.

భోజనాల దగ్గర సువార్త కేజీకి జావ పడుతూ, "పోనీ ఈసారికి వద్దనుకుందామా?" అని నన్ను అడిగింది. నేను జవాబు చెప్పేలోపు ఎస్తేరు కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఏడవలేదు. ఆ పిల్ల ఏడిస్తే చెల్లెలు ఏడుస్తుంది, అందుకని అది ఎప్పుడో మానేసింది.

మే 8, శుక్రవారం

క్లిప్పు: 87, 88, 86.

88! పుట్టాక ఇంత అంకె ఎప్పుడూ చూడలేదు. నిన్నటి నుంచి జావలో సువార్త రెండు చెంచాల నెయ్యి ఎక్కువ వేస్తోంది. అదే అయ్యుంటుందని ఇద్దరం అనుకున్నాం.

డ్యూటీ దిగి వచ్చేసరికి ఎస్తేరు స్నానాలగదిలోంచి వస్తోంది. మొహం కందిపోయి ఉంది, రొప్పుతోంది. ఏమైందే అంటే "స్కిప్పింగ్ ఆడా" అంది. వడ సైరన్ మోగాక ఆటలేంటని కోప్పడ్డాను.

మే 10, ఆదివారం

బరువు 8.5. క్లిప్పు: 88, 87, 89.

డిపోలో కాటా బాగుచేశారు. వంద గ్రాములు తగ్గింది. రెండుసార్లు ఎక్కించి చూశాను. అంకెలు పెరుగుతున్నాయి, బరువు తగ్గుతోంది. ఎండలకు జావ సరిగ్గా తాగడం లేదని సువార్త అంటోంది. పగలు కూడా ఎక్కువ నిద్రపోతోంది. ఎండలకే అయ్యుంటుంది.

ప్రార్థన అయ్యాక పాస్టరమ్మ కేజీ బుగ్గ నిమిరి "రంగు తగ్గిందేంటమ్మా?" అని అడిగారు. "లేదండీ, ఇప్పుడే బాగుంది, 88," అన్నాను నేను, గర్వంగా.

మే 12, మంగళవారం

బరువు 8.5. క్లిప్పు: 88, 88, 87.

అనుమతి వచ్చింది. గురువారం, మే 14. మీ సంతకం చూసి సువార్త కాగితాన్ని కళ్ళకద్దుకుంది.

సాయంత్రం నాలుగు కుర్చీలు వేసి తీగబండి చేశాను. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, సంచి ఎటు ఉండాలి, కేజీ ఎవరి ఒళ్ళో ఉండాలి. నేను బండి ఊగినట్టు కుర్చీని ఊపాను. సువార్త చాలా రోజుల తర్వాత నవ్వింది. ఎస్తేరు మాత్రం నవ్వలేదు.

"నాన్నా, మధ్యలో ఆగిపోతే?"

"నేను గ్రీజు పెట్టిన లైను తల్లీ. ఆగదు."

"ఆగితే, అక్కణ్ణుంచి ఆసుపత్రి ఎంత దూరం?"

ఈ పిల్లకు అన్నీ పెద్దవాళ్ళ ఆలోచనలే అని సువార్తతో అన్నాను. మురిసిపోతూ అన్నాను. అది కూడా రాస్తున్నాను.

మే 14, గురువారం

ఇది ఆసుపత్రిలో కూర్చుని రాస్తున్నాను సిస్టర్. మీకు ఫోన్లో సగమే చెప్పాను. మిగతాది ఇది.

ఆరున్నరకు ఎక్కాం. గాలి వేగం గంటకు ముప్పై ఉంది, మామూలే. కేజీ సువార్త ఒళ్ళో, ఎస్తేరు కిటికీ దగ్గర. తొమ్మిదో స్తంభం దాటాక లోయలోంచి గాలి లేచింది. పదమూడు, పద్నాలుగు స్తంభాల మధ్య బండి ఒక్క కుదుపుతో ఆగింది. గాలి అరవై దాటితే లైను మొత్తం దానంతటదే ఆగిపోతుంది. పాడైపోయి కాదు, అలా ఆగడమే దాని పని. గాలి తగ్గి, పది నిమిషాలు నిలకడగా ఉంటే తప్ప మళ్ళీ కదలదు. ఆ నియమం పుస్తకంలో నా సంతకం కూడా ఉంది.

బండి ఊయలలా ఊగడం మొదలుపెట్టింది. కింద ఎనిమిది వందల అడుగులు. కేజీ బెదిరి కెవ్వుమంది. సువార్త భుజానికెత్తుకుంది, ఊపింది, పాట పాడింది. ఏడుపు ఆగలేదు. చూస్తుండగానే పెదాలు మారాయి. తర్వాత గోళ్ళు. తర్వాత ఏడుపు కూడా ఆగిపోయింది. అది ఆగడం ఏడవడం కంటే ఘోరం.

సువార్త సిలిండరు తిప్పుతోంది. నేను మందు సీసా మూత తీస్తున్నాను. కళ్ళు మూసుకుని రెండుసార్లు తీసిన మూత, చేతులు చెమటపట్టి జారిపోతోంది. ఆలోపు ఎస్తేరు చెల్లెల్ని వాళ్ళమ్మ చేతుల్లోంచి తీసుకుని కింద కూర్చుంది. వీపును తన రొమ్ముకు ఆనించుకుని, రెండు మోకాళ్ళూ మడిచి, తన చేతులతో చుట్టేసి అదిమి పట్టుకుంది. చెవి దగ్గర నోరు పెట్టి 'ఊఁ... ఊఁ...' అని సన్నగా మూలుగుతున్నట్టు పాడింది. ఒక్కసారి కూడా తడబడలేదు.

క్లిప్పు పెట్టాను. 61. 54. 48.

మందు కొట్టాను. ఆక్సిజన్ గొట్టం ముక్కు దగ్గర సువార్త పట్టుకుంది. నేను రేడియోలో కంట్రోలు గదికి మాట్లాడాను. డ్యూటీలో మస్తాన్ ఉన్నాడు.

"మస్తానూ, నన్ను కదిపెయ్. పిల్లకు బాగోలేదు."

"గాలి అరవై నాలుగు ఉందన్నా."

"చేత్తో కదపొచ్చు కదా! నాకు తెలుసు కదా!"

"లైను మీద ఇంకా ముప్పై ఒక్క బండ్లున్నాయన్నా, మనుషులతో." తర్వాత అడిగాడు. "నా సీట్లో నువ్వుంటే కదిపేవాడివా?"

నేను రేడియో పక్కన పెట్టేశాను.

49. 49. 52. ఒక్కో అంకె మారడానికి ఎంతసేపు పట్టిందో నేను చెప్పలేను. మొదటి సిలిండరు సగానికి వచ్చింది. 60. 66. పెదాలు నలుపు తగ్గి మళ్ళీ నీలం అయ్యాయి, తర్వాత బూడిదరంగు. కేజీ కళ్ళు తెరిచి అక్క మెడకు మొహం ఆనించింది. 71.

అప్పుడు అడిగింది సువార్త. "అలా పట్టుకోవడం ఎవరు నేర్పారే నీకు?"

"మీరు పట్టుకుంటుంటే చూశా."

"మేం పట్టుకుని ఆరు నెలలైంది."

ఎస్తేరు బండి నేలవైపే చూస్తోంది. చెల్లెల్ని వదల్లేదు. "నువ్వు నీళ్ళ వరసలో ఉన్నప్పుడు వచ్చింది. శుక్రవారం. ఆదివారం పొద్దున. మళ్ళీ మొన్న."

"మూడుసార్లా? మరి కేకెయ్యలేదేం?"

"కేకేస్తే అనుమతి పోతుందిగా."

"మరి 88 ఎలా వచ్చిందే?" నేను అడిగాను.

అప్పుడు చెప్పింది. క్లిప్పు తన వేలికే పెట్టుకుందట. 98 అని వస్తే సిస్టర్ నమ్మరని దానికి తెలుసు. అందుకని స్నానాలగదిలో కూర్చుని, ఊపిరంతా బయటికి వదిలేసి, ముక్కు మూసుకుని, అంకె దిగేదాకా ఆగేదట. "ఇంకా దించుదామనుకున్నా నాన్నా, 82 దాకా. కళ్ళు తిరిగేవి. అంతకంటే దిగేది కాదు."

సువార్త దాని భుజం పట్టుకుంది. "చంపేసేదానివే దాన్ని," అంది. గట్టిగా కూడా అనలేదు. "నీ అలల కోసం దాన్ని చంపేసేదానివే."

నలభై ఒక్క నిమిషాలకు బండి కదిలింది.

నడిమి స్టేషన్లో ఎడమవైపు అలలూరు బండ్లు, కుడివైపు ఆసుపత్రి బండ్లు. అలలూరు వైపు రంగు టోపీలు పెట్టుకున్న పిల్లలు గంతులేస్తున్నారు. నేను కేజీని ఎత్తుకుని, ఎటు తిరగాలో తెలిసి కూడా ఒక్క క్షణం నిలబడిపోయాను. అప్పటికే ఎస్తేరు సంచి భుజాన వేసుకుని కుడివైపు నడుస్తోంది. ఆ సంచి దానికంటే బరువు.

మే 15, శుక్రవారం

బరువు 8.4, ఆసుపత్రి కాటా. క్లిప్పు: 73, 75, 74. ఈ అంకెలు నర్సు పెట్టినవి.

డాక్టర్ రఫీ గారు పొద్దున చూశారు. వారంలో నాలుగుసార్లు వచ్చిందంటే ఆ దారి మూసుకుపోతోందన్నారు. పది కిలోల దాకా ఆగడానికి లేదన్నారు. "ఎనిమిదిన్నరకు చెయ్యడం కష్టమే. చెయ్యకపోవడం ఇంకా కష్టం." సోమవారం ఆపరేషన్.

సిస్టర్, మే 8 నుంచి 12 వరకు నేను ఈ లాగ్‌లో రాసిన అంకెలన్నీ తప్పు. అవి కెజియావి కావు, ఎస్తేరువి. తప్పుడు లాగ్ ఇచ్చిన ఇంటికి పిల్లను తిరిగి పంపరని, ఏడాదిపాటు ఆరోగ్య కేంద్రం వార్డులో ఉంచుకుంటారని నియమాల కాగితం వెనకవైపు ఉంది. చదివాను. అయినా రాస్తున్నాను. పిల్ల మొహం కందిపోయి, రొప్పుతూ ఎదురొస్తే స్కిప్పింగ్ అనుకున్నాను. బరువు తగ్గితే ఎండలన్నాను. పాస్టరమ్మ రంగు తగ్గిందంటే వాదించాను. నాకు 88 కావాలి, ఎస్తేరు అది ఇచ్చింది. ఒక కప్పీ ఉన్నట్టుండి అంత బాగా తిరిగితే నేను స్తంభం ఎక్కి చూసి వచ్చేవాణ్ణి.

మే 17, ఆదివారం

క్లిప్పు: 74, 72, 75. నీలం ఒకసారి, తెల్లవారుజామున. నర్సు పట్టుకుంది.

గురువారం నుంచి సువార్త ఎస్తేరుతో మాట్లాడలేదు. అన్నం పెడుతుంది, దుప్పటి కప్పుతుంది, మాట్లాడదు. ఎస్తేరు వరండాలో బల్ల మీద కూర్చుని పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ చూస్తుంది.

మీరు మధ్యాహ్నం వచ్చారు. సువార్త అప్పుడు లోపల ఉంది కాబట్టి మీరన్నది ఇక్కడ రాస్తున్నాను, తను తర్వాత చదువుతుంది. "బోర్డుకు ఉన్నదున్నట్టు పంపాను. వాళ్ళేమంటారో ఆపరేషన్ అయ్యాకే తెలుస్తుంది," అన్నారు. తర్వాత వరండాలోకి వెళ్ళి ఎస్తేరు పక్కన కూర్చున్నారు. ఏం మాట్లాడారో నాకు వినపడలేదు. మీరు వెళ్ళాక అది నన్ను అడిగింది.

"నాన్నా, మొదటిసారి వచ్చినప్పుడే నేను చెప్పుంటే?"

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. "ఆ రోజే ఇక్కడికి వచ్చేవాళ్ళం. బండెక్కేవాళ్ళం కాదు."

తలూపింది. నేను మళ్ళీ అన్నాను. "కానీ బండిలో నువ్వు పట్టుకోకపోతే, నేను మూత తీసేలోపు ఏమయ్యేదో నాకు తెలీదు. అది కూడా నిజమే."

దానికి తలూపలేదు.

మే 18, సోమవారం

ఏడింటికి లోపలికి తీసుకెళ్ళారు. నర్సు చేతుల్లోకి వెళ్తూ కేజీ ఏడవలేదు. ముందే మత్తు ఇచ్చారు.

ఎనిమిది. తొమ్మిది. వరండాలో ముగ్గురం. సువార్త గోడకానుకుని కళ్ళు మూసుకుని ఉంది, పెదాలు కదులుతున్నాయి. పదింటికి కళ్ళు తెరిచి ఎస్తేరు తల చూసింది. గురువారం వేసిన జడ, చిక్కులు పడి ఉంది.

"రా ఇలా. కూర్చో."

ఎస్తేరు వచ్చి వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. సువార్త సంచిలోంచి దువ్వెన తీసి కొసల నుంచి చిక్కు తియ్యడం మొదలుపెట్టింది.

"ఆ మాట నేను అనకూడదు."

ఎస్తేరు వెనక్కి తిరగకుండా అంది. "అన్నావుగా."

"అన్నాను." దువ్వెన ఆగలేదు. "వెళ్దాం, ముందే వెళ్దామన్నది నేను. మీ నాన్న వద్దన్నారు. నన్ను నేను అనుకోవాల్సింది నిన్ను అన్నాను."

"నేను అలల కోసం చెయ్యలేదమ్మా."

"మరి?"

"వద్దనుకుందామా అన్నప్పుడు నీ మొహం..." అంది. సువార్త చెయ్యి అప్పుడు ఆగింది. తర్వాత జడ మూడు పాయలుగా తీసి అల్లింది. వదులుగా వచ్చిందని విప్పి మళ్ళీ అల్లింది.

ఒంటిగంటా పదికి డాక్టర్ రఫీ గారు వచ్చారు. టోపీ చేతిలో ఉంది. ఆయన మొహం చూడడానికి భయపడి నేను ఆ టోపీనే చూశాను. "చిల్లు మూశాం. దారి వెడల్పు చేశాం. గుండె తనంతట తను కొట్టుకుంటోంది. రెండు రోజులు దాటాలి, కానీ బాగుంది," అన్నారు. నేను బల్ల మీద కూర్చున్నాను.

బోర్డు మాట కూడా అప్పుడే మీరు ఫోన్లో చెప్పారు. పిల్ల ఇంటికే వస్తుంది. ఆరు నెలలు వారానికోసారి మీరు వచ్చి స్వయంగా చూస్తారు. ఎప్పుడైనా రండి సిస్టర్, చెప్పకుండా రండి.

మూడింటికి అద్దంలోంచి చూడనిచ్చారు. గొట్టాలు, తీగలు, వాటి మధ్య కేజీ. పెదాలు ఎర్రగా ఉన్నాయి. కేజీ పెదాలు అలా ఉంటాయని మాకెవరికీ తెలీదు. సువార్త అద్దం మీద చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది.

ఎస్తేరుకు అద్దం అందలేదు. మునివేళ్ళ మీద లేచింది, అయినా కనపడలేదు. నేను ఎత్తబోయేలోపే సువార్త వంగి దాన్ని ఎత్తుకుంది. ఎనిమిదేళ్ళ పిల్లను, చంకన. ఎస్తేరు లోపలికి చూసింది. తర్వాత ఒక్కసారిగా బావురుమంది. వార్డంతా వినపడేలా, గొంతు పగిలేలా, ముక్కు కారుతూ. అంత గట్టిగా అది ఏడవడం నేనెప్పుడూ వినలేదు. నర్సు పరుగెత్తుకొచ్చి, "బయటికి తీసుకెళ్ళండమ్మా, పేషెంట్లున్నారు," అంది.

బయట వరండాలో కూడా అది ఆగలేదు. సువార్త అటూ ఇటూ నడుస్తోంది. ఊరుకోమని ఒక్కసారి కూడా అనలేదు. పిల్ల కాళ్ళు వాళ్ళమ్మ మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. నేను చేతులు చాపి ఇటివ్వమన్నాను. సువార్త తల అడ్డంగా ఊపి, దాన్ని ఇంకొంచెం పైకి ఎగేసుకుని, నడుస్తూనే ఉంది.